ఇంజిన్ సందేహాలు: ఆయిల్ రిపోర్టులో కూలెంట్ జాడ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే గోడు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది, బండి కింద చుక్క పడటం లేదు, ఆయిల్ పరీక్ష చేయిస్తే వచ్చిన రిపోర్టు అర్థం కావడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ విషయానికే కేటాయించాం.

ప్రశ్న: మాకు రెండు స్కూలు బస్సులున్నాయి. ఒకదానిలో నెలకు లీటరు చొప్పున కూలెంట్ తగ్గుతోంది. మూడు నెలలకోసారి ఆయిల్ మార్చినప్పుడల్లా శాంపిల్ ల్యాబుకు పంపుతున్నాం. గత మూడు రిపోర్టుల్లో సోడియం 7, 22, 78 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు). పొటాషియం 3, 4, 6. రాగి 9, 14, 31. సీసం 4, 6, 19. నీరు లేదు, గ్లైకాల్ (కూలెంట్లోని ముఖ్యమైన రసాయనం) నెగటివ్ అని రాశారు. మళ్లీ వాళ్లే కింద ‘కూలెంట్ లీకు అనుమానం’ అన్నారు. ఆయిల్ తెల్లబడలేదు కాబట్టి ఏమీ కాదంటున్నాడు మా మెకానిక్. ఎవరి మాట వినాలండీ? (ఎల్‌బీ నగర్)

జవాబు: ల్యాబువాళ్ల మాటే వినండి. బస్సును ఇంకొన్నాళ్లు చూద్దామని తిప్పకండి.

నీరు లేదు, గ్లైకాల్ లేదు, అయినా కూలెంట్ లీకు అనడం విడ్డూరంగా అనిపించడం సహజమే. నడుస్తున్న డీజిల్ ఇంజిన్లో ఆయిల్ వేడి 90 నుంచి 110 డిగ్రీల దాకా ఉంటుంది. కొద్దికొద్దిగా దిగే నీరు ఆ వేడికి ఆవిరై బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని వదిలే గొట్టం) గుండా బయటికి పోతుంది. గ్లైకాల్ కూడా నిలవదు. వేడికీ గాలికీ విరిగి గ్లైకాలిక్, ఫార్మిక్, ఆక్సాలిక్ ఆమ్లాలుగా మారిపోతుంది. మూడు నెలలు తిరిగిన ఆయిల్లో దాన్ని వెతికితే దొరక్కపోవచ్చు. మిగిలేది కూలెంట్లో తుప్పు పట్టకుండా కలిపే మందుల తాలూకు సోడియం, పొటాషియం. చారు ఎంత మరిగినా అందులో ఉప్పు ఆవిరైపోదు కదా, ఇదీ అంతే. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే నీటి గడి కంటే ముందు సోడియం, పొటాషియం గడులు చూడటం అలవాటు చేసుకోండి.

చాలా ల్యాబులు సోడియం గానీ పొటాషియం గానీ 50 పీపీఎం దాటితే ఎర్ర గీత గీస్తాయి. ఆ గీత కంటే అంకెలు పెరిగిన తీరే ముఖ్యం. 7 నుంచి 22కి వచ్చినప్పుడే, అంటే గీతకు ఎంతో దిగువన ఉండగానే, మీ ఇంజిన్ విషయం చెప్పేసింది. కొన్ని కంపెనీల ఆయిళ్లలో డిటర్జెంటుగా సోడియం సమ్మేళనమే కలుపుతారు. అలాంటి ఆయిల్ కొత్త డబ్బాలోనే సోడియం ఎక్కువ చూపిస్తుంది. అందుకే మీరు వాడే ఆయిల్ కొత్తది 100 మి.లీ. ఒక్కసారి పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోండి. బ్రాండు మార్చినప్పుడు మళ్లీ చేయించండి.

ఎంత కూలెంట్ దిగిందో లెక్క కట్టవచ్చు. రేడియేటర్లో ఉన్న కూలెంట్ 50 మి.లీ. వేరే సీసాలో పట్టి, ఆయిల్ శాంపిల్‌తో పాటు ల్యాబుకు పంపి అందులో సోడియం ఎంతో అడగండి. ఉదాహరణకు 3,500 పీపీఎం అని వచ్చిందనుకుందాం. మీ ఆయిల్లో మామూలుగా ఉండే 7 తీసేస్తే పెరిగింది 71. 71ని 3,500తో భాగిస్తే బరువులో దాదాపు 2 శాతం. ఛాంబర్లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, 12 లీటర్ల ఆయిల్ పడితే దాని బరువు పదిన్నర కిలోలు. అందులో 2 శాతం అంటే సుమారు 210 గ్రాములు, కొలతలో 200 మి.లీ. కూలెంట్.

ఇక్కడే అసలు ఆనవాలు దొరుకుతుంది. మూడు నెలల్లో మీరు పోసింది 3 లీటర్లు. ఆయిల్లోకి చేరింది 200 మి.లీ. మిగతా 2.8 లీటర్లు వేరే దారిన పోతున్నాయి. కింద మరక లేదంటే కూలెంట్ సిలిండర్లోకి దిగి కాలిపోతూ, రింగుల పక్క నుంచి కాస్త మాత్రమే ఛాంబర్లోకి జారుతూ ఉండాలి. అంటే ముందు అనుమానించాల్సింది హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు), హెడ్డులో పగులు, ఇంజెక్టర్ స్లీవ్ (ఇంజెక్టర్ చుట్టూ కూలెంట్‌ను ఆపే గొట్టం). ఆయిల్ కూలర్ కాదు. కూలర్ గానీ, లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) అడుగున ఉండే ‘O’ ఆకారపు రబ్బరు రింగు గానీ పోయి ఉంటే కూలెంట్ నేరుగా ఆయిల్లోకే వచ్చేది, సోడియం వందల్లో ఉండేది. ఈజీఆర్ కూలర్ (తిరిగి ఇంజిన్లోకి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచేది) ఉన్న ఇంజిన్ అయితే దాన్నీ విడిగా విప్పి గాలి ప్రెషర్‌తో పరీక్షించాలి. అది చిట్లితే కూలెంట్ ఎక్కువగా పొగలో కలిసి పోతుంది.

రాగి, సీసం పెరగడం గురించి మీరు అడగలేదు గానీ, ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టినవి ఆ అంకెలే. గ్లైకాల్ విరగగా పుట్టిన ఆమ్లాలు బేరింగుల మీది సీసం పూతను తింటాయి. పూత పోయాక కింది రాగి బయటపడుతుంది. సోడియంతో పాటు ఈ రెండూ ఎక్కుతున్నాయంటే లీకు బేరింగుల దాకా వెళ్లిందని. కొత్త తరం ఇంజిన్లలో సీసం లేని బేరింగులు వస్తున్నాయి, వాటిలో సీసం ఎక్కలేదని ధీమా పడకూడదు.

మెకానిక్ గారికి ఒక మాట చెప్పండి. మసి పట్టి నల్లబడిన డీజిల్ ఆయిల్లో ఒక శాతం కూలెంట్ కలిసినా కంటికి ఆనదు. ఆయిల్ తెల్లబడే దాకా ఆగితే అప్పటికి చాలా కూలెంట్ దిగిపోయి ఉంటుంది. ఆ ఒక్క శాతమే మసిని ముద్దలు కట్టించి ఫిల్టరును మూసేయడానికి చాలు.

ఇక చేయాల్సిన పని. రాత్రంతా ఆపి ఉంచిన బండికి ఉదయం రేడియేటర్ మూత తీసి ప్రెషర్ టెస్టర్ బిగించండి. మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా మాత్రమే కొట్టండి. 0.9 అని ఉంటే 0.9 బార్, అంతకు మించితే మంచి గొట్టం పగిలి కొత్త లీకు తెచ్చుకుంటారు. అరగంట నిలబెట్టి ముల్లు పడుతోందా చూడండి. తర్వాత ఇంజెక్టర్లు విప్పి ఇంజిన్ను చేత్తో తిప్పించండి. ఏ రంధ్రం నుంచి తడి చిమ్మితే ఆ సిలిండరే. ఇంజెక్టర్లు విప్పకుండా స్టార్టర్ కొట్టొద్దు. సిలిండర్లో కూలెంట్ నిండి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బోర్‌స్కోపు (లోపలికి దూర్చి చూసే సన్నటి కెమెరా) ఉంటే అందులోంచి పిస్టన్ తలలు చూడండి. మిగతావి మసి పట్టి ఉండగా ఒకటి మాత్రం కడిగినట్టు తేటగా మెరుస్తుంటే దొంగ దొరికినట్టే. రేడియేటర్ నోటి దగ్గర పెట్టే నీలి ద్రావణం పరీక్ష కూడా చేయించవచ్చు. కంబస్చన్ గ్యాసు తగిలితే ఆ నీలం పెట్రోలు ఇంజిన్లో పసుపు, డీజిల్ ఇంజిన్లో ఆకుపచ్చ అవుతుంది. డీజిల్ ఇంజిన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఆ గ్యాసు పలుచగా ఉంటుంది, కాబట్టి కాస్త రేజ్ చేసి చూడాలి. రంగు మారలేదు కదా అని గాస్కెట్ బాగుందని తేల్చేయొద్దు.

ప్రశ్న: మా అపార్టుమెంటు జనరేటర్ వారానికోసారి పది నిమిషాలు నడుపుతాం. డ్రెయిన్ బోల్టు వదులు చేసి పట్టిన శాంపిల్లో నీరు 0.3 శాతం అని వచ్చింది. సర్వీసువాళ్లు ఆయిల్ మట్టం చూసే గేజ్ గొట్టం నుంచి లాగిన శాంపిల్లో నీరు లేదని వచ్చింది. ఏది తప్పు? (కొండాపూర్)

జవాబు: రెండూ ఒప్పే. నీరు, కూలెంట్ ఆయిల్ కంటే బరువు. ఇంజిన్ ఆగి ఉంటే అడుగుకు చేరతాయి. మీరు అడుగు ఆయిల్ పట్టారు, వాళ్లు మధ్య ఆయిల్ లాగారు.

లీకు ఉందా లేదా అని చూడటానికి మీ పద్ధతి మంచిది. కాకపోతే అది ఇంజిన్ స్టార్ట్ చేయకముందు చేయాలి. బోల్టును నెమ్మదిగా వదులు చేసి ముందు వచ్చే 50 మి.లీ. గాజు సీసాలో పట్టి కదపకుండా ఒక పూట ఉంచి, అడుగున వేరే పొర తేరిందా చూడండి. ఆ శాంపిల్ అంకెలను మాత్రం నెలనెలా పోల్చకూడదు. పోల్చడానికి ఎప్పుడూ ఒకే తీరుగా తీసిన శాంపిల్ కావాలి. జనరేటర్‌ను లోడు మీద అరగంట నడిపి, ఆపిన పది పదిహేను నిమిషాల్లోపు, చేతి వాక్యూమ్ పంపుకు కొత్త ప్లాస్టిక్ గొట్టం తొడిగి తీయాలి. గొట్టాన్ని గేజ్ పక్కన పెట్టి కొలిచి, ఆయిల్ మట్టం మధ్యకు చేరే చోట గుర్తు పెట్టుకుంటే అడుగు మడ్డి తగలదు. ఒకసారి వాడిన గొట్టం ఇంకో ఇంజిన్‌కు వాడొద్దు. పంపు రాణిగంజ్ టూల్స్ షాపుల్లో అడగండి. సీసా మాత్రం ల్యాబు ఇచ్చేదే వాడండి. మందు సీసాలు, నీళ్ల సీసాలు కడిగి వాడితే ఆ కడిగిన నీటి సోడియమే రిపోర్టులోకి ఎక్కుతుంది.

సీసా మీద తేదీ, ఇంజిన్ మొత్తం గంటలు, ఈ ఆయిల్ నడిచిన గంటలు, మధ్యలో పోసిన ఆయిల్ లీటర్లు రాయండి. చివరిది చాలామంది వదిలేస్తారు. 20 లీటర్ల ఛాంబర్లో 5 లీటర్లు కొత్తది పోస్తే 60 ఉన్న సోడియం దాదాపు 45కి దిగినట్టు కనిపిస్తుంది, లీకు తగ్గిందని మోసపోతారు.

ఇక ఆ 0.3 శాతం సంగతి. పది నిమిషాలు ఖాళీగా నడిపితే ఇంజిన్ వేడెక్కదు, లోపల చెమ్మ ఆవిరి కాకుండా ఆయిల్లోనే పేరుకుంటుంది. కాబట్టి అది గాలి చెమ్మ కావచ్చు, కూలెంట్ కావచ్చు. సోడియం, పొటాషియం కొత్త ఆయిల్ స్థాయిలోనే ఉంటే చెమ్మ. అవీ పెరిగి ఉంటే కూలెంట్. మీ జనరేటర్ వేడెక్కదు కనుక గ్లైకాల్ కూడా విరగకుండా ఉంటుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీతో చేసే ఏఎస్‌టీఎం (పరీక్షల ప్రమాణాలు రూపొందించే సంస్థ) డీ 7922 పరీక్ష అడగండి. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షతో మాత్రమే సరిపెడితే, ఆయిల్లోని కొన్ని మందులు గ్లైకాల్ చోటే గీతలు చూపి తికమక పెడతాయి. కొత్త ఆయిల్ శాంపిల్ పక్కన లేకుండా ఆ పరీక్షను పూర్తిగా నమ్మలేం. ఏదేమైనా వారానికి పది నిమిషాలు ఖాళీగా నడపడం మాని, నెలకోసారైనా మంచి లోడు మీద అరగంటకు తగ్గకుండా నడపండి.

ప్రశ్న: వానాకాలంలో మా పెట్రోలు కారు ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు కనిపిస్తోంది. హెడ్ గాస్కెట్ పోయిందంటున్నారు. (మియాపూర్)

జవాబు: కూలెంట్ మట్టం తగ్గుతోందా? మీరు రాయలేదు. తగ్గకపోతే, ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా మాత్రమే తిరిగే కారైతే, అది చెమ్మే. జిగురు తుడిచేసి, ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు నడిపి మళ్లీ చూడండి. గేజ్ మీద ఆయిల్ తేటగా ఉండి, మూత కింద మాత్రమే తెలుపు ఉంటే హెడ్డు విప్పనివ్వకండి. అనుమానం తీరకపోతే ఒక ఆయిల్ శాంపిల్ పంపండి, హెడ్డు విప్పే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

ప్రశ్న: కొత్త లారీ, మొదటి ఆయిల్ మార్పు. పొటాషియం 64, అల్యూమినియం 41, సోడియం 5, రాగి 8 పీపీఎం. కూలెంట్ లీకని కంపెనీ మీద వారంటీ అడగాలా? (మేడ్చల్)

జవాబు: ఆగండి. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అల్యూమినియంతో చేస్తారు. దాని అతుకులకు పొటాషియం, అల్యూమినియం, ఫ్లోరిన్ కలిసిన ఫ్లక్సు వాడతారు. కొత్తలో ఆ ఫ్లక్సు గాలితో పాటు ఇంజిన్లోకి వచ్చి ఆయిల్లో చేరుతుంది. మీ రిపోర్టులో పొటాషియం, అల్యూమినియం జంటగా ఉన్నాయి, సోడియం, రాగి మామూలుగా ఉన్నాయి. ఇది ఫ్లక్సు ఆనవాలే. రెండో, మూడో ఆయిల్ మార్పుకు రెండూ కలిసి తగ్గుతూ పోవాలి.

అయితే ఒక చిక్కుంది. కొన్ని కూలెంట్లలో సోడియం దాదాపు ఉండదు, మందులన్నీ పొటాషియం లవణాలే. మీ లారీలో ఉన్నది అదే అయితే లీకు వచ్చినా సోడియం కదలదు. డబ్బా రంగు చూసి ఏ కూలెంట్ అనేది పోల్చుకోలేం, ఒకే రంగులో వేర్వేరు రకాలు అమ్ముతున్నారు. కూలెంట్ శాంపిల్ కూడా పరీక్షించమన్నది అందుకే. తర్వాతి రిపోర్టులో అల్యూమినియం తగ్గి, పొటాషియం మాత్రం పెరిగితే అప్పుడు ఈ రెండు కాగితాలతో వారంటీకి వెళ్లండి. కొత్త ఇంజిన్లో సిలికాన్ ఎక్కువగా కనిపించినా కంగారు వద్దు, అతుకులకు పూసే సిలికోన్ జిగురు నుంచి కూడా వస్తుంది.

ప్రశ్న: మా నీళ్ల ట్యాంకర్లో కూలెంట్ పోయం, బోరు నీళ్లే. రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయి. ఆయిల్ రిపోర్టులో ఏమీ లేదు. (తుర్కయాంజల్)

జవాబు: బోరు నీళ్లు పోస్తే ఆయిల్ పరీక్షకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. లీటరు బోరు నీటిలో 100 మి.గ్రా. సోడియం ఉందనుకున్నా, లీటరు మొత్తం 15 లీటర్ల ఆయిల్లోకి దిగినా, పెరిగేది 8 పీపీఎం లోపే. మామూలు హెచ్చుతగ్గుల్లో అది కలిసిపోతుంది. నీటి కాఠిన్యం తెచ్చే కాల్షియం, మెగ్నీషియం పట్టుకుందామంటే అవి ఆయిల్ మందుల్లోనే వందలు, వేల పీపీఎంలలో ఉంటాయి. కార్ల్ ఫిషర్ పద్ధతి, అంటే ఏఎస్‌టీఎం డీ 6304, నీటిని పీపీఎంలలో కొలుస్తుంది. కానీ రోజంతా నడిచే ట్యాంకర్లో నీరు అప్పటికే ఆవిరై ఉంటుంది.

అందుకే ముందు రేడియేటర్, బ్లాకు కడిగించి, కూలెంట్, డీమినరలైజ్డ్ నీరు సగం సగం కలిపి పోయండి. కలిపే నీటికీ బోరు వాడొద్దు, మందులు సున్నంతో కలిసి గడ్డకట్టి రేడియేటర్ ట్యూబులు మూసుకుంటాయి. ఆయిల్, ఫిల్టరు మార్చి, రెండు మూడు వారాలు నడిపి శాంపిల్ పంపండి. లీకు లోపలికే అయితే సోడియమో పొటాషియమో అప్పుడు బయటపడుతుంది. ఇంకో సంగతి. తడి లైనర్ల (బయటి గోడకు కూలెంట్ నేరుగా తగిలే లైనర్లు) ఇంజిన్లో లైనర్ అదురుడుకు బయటి గోడ మీద బుడగలు పగిలి సన్నటి గుంటలు పడతాయి. ఆ గుంటలను ఆపేవి కూలెంట్లోని మందులే. ఏళ్ల తరబడి నీళ్లతో నడిచిన ఇంజిన్లో గుంట లైనర్ ఇవతలికి తొలిచేస్తుంది. మీ లీకు అదే కావచ్చు, ఇంజిన్ విప్పినప్పుడు లైనర్ల బయటి వైపు గోటితో తడిమి చూడండి.

ప్రశ్న: ల్యాబుకు పంపకుండా షెడ్డులోనే తెలుసుకునే పద్ధతి ఉందా? (ఆటోనగర్, వనస్థలిపురం)

జవాబు: నీటికి ఉంది. దళసరి ఇనుప ప్లేటును 150, 160 డిగ్రీలకు వేడి చేసి, సీసాను బాగా కదిపి ఒక చుక్క ఆయిల్ వేయండి. చిటపటలాడి బుడగలొస్తే నీరుంది. 0.1 శాతం దాకా ఇది చెబుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, చుక్క చిమ్ముతుంది. ముందు అదే బ్రాండు కొత్త ఆయిల్ వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

రెండోది ఫిల్టర్ పేపర్. ఒక చుక్క వేసి, పేపరు అడుగు దేనికీ తగలకుండా గ్లాసు మీద పరిచి రాత్రంతా వదిలేయండి. మంచి ఆయిల్ మసిని చుట్టూ పలుచగా పరుస్తుంది. గ్లైకాల్ కలిసిన ఆయిల్ చుక్క మధ్యలోనే జిడ్డుగా, అంచు కత్తిరించినట్టు నల్లగా ఆగిపోతుంది. ఇది అనుమానానికి పనికొస్తుంది గానీ హెడ్డు విప్పడానికి చాలదు. మసి మరీ ఎక్కువైన ఆయిల్ కూడా అలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: ఆయిల్ కూలర్ చిట్లి సోడియం 310కి వెళ్లింది. కూలర్, ఆయిల్, ఫిల్టరు మార్చాం. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ 44. కొత్త కూలర్ కూడా కారుతోందా? నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషరే ఎక్కువ కదా, అసలు కూలెంట్ ఆయిల్లోకి ఎలా వచ్చింది? (నాచారం)

జవాబు: రెండో ప్రశ్న ముందు. నడుస్తున్నంతసేపూ ఆయిల్ ప్రెషర్ 3, 4 బార్లు ఉంటుంది, కూలెంట్‌ది 1 బార్ చుట్టూ. అప్పుడు ఆయిలే కూలెంట్లోకి పోతుంది, ట్యాంకులో జిడ్డు తేలుతుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా. వేడి కూలెంట్ ప్రెషర్ మాత్రం చల్లారే దాకా ఉంటుంది. ఆ గంటా గంటన్నరలో దారి తిరగబడుతుంది.

44 సంగతి. ఆయిల్ దింపినా గ్యాలరీల్లో (ఇంజిన్ లోపలి ఆయిల్ దారులు), కూలర్లో, గోడల మీద పాతది పదో వంతు దాకా మిగులుతుంది. 310లో పదో వంతు 31. దానికి తోడు మడ్డిలో చిక్కిన సోడియం కొత్త ఆయిల్లోకి మెల్లగా కరుగుతుంది. కాబట్టి 44 ఒక్కటే చూసి కొత్త కూలర్‌ను తప్పుపట్టలేం. ఆయిల్ మార్చి అరగంట నడిపిన వెంటనే ఒక శాంపిల్ తీసి ఉంటే పోల్చడానికి ఉండేది. ఇప్పుడు చేయాల్సిందేమిటంటే, ఈ ఆయిల్‌ను పూర్తి గడువు నడపకండి. బాగా వేడి మీద ఉండగా దీన్ని దింపేసి, అదే గ్రేడు కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి ఒక తక్కువ గడువు నడపండి. మార్చిన అరగంటకు ఒక శాంపిల్, వెయ్యి కిలోమీటర్లకు ఇంకొకటి తీయండి. రెండింటి తేడా 5 పీపీఎం లోపు ఉంటే పాత మిగులే. 15, 20 పెరిగితే కూలర్ సీళ్లు, బిగింపు మళ్లీ చూపించండి. దింపిన పాత ఫిల్టర్లను కోసి మడత కాగితం విప్పి చూడటం మానొద్దు. కాగితం మడతల్లో నల్లటి జిగురు ముద్దలు ఇంకా వస్తుంటే ఇంకో మార్పు తప్పదు. రిపోర్టులో సీసం, రాగి కూడా పెరిగి ఉంటే ఛాంబర్ విప్పి కనీసం ఒక మెయిన్ బేరింగు, ఒక కనెక్టింగ్ రాడ్ బేరింగు తీసి చూపించుకోండి. పూత ఎగిరి రాగి రంగు తేలితే సెట్టు మొత్తం మార్చాలి.